నావిగేషన్‌కి 'నవగతి' తల్లి కాదు

పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో జనరల్ నాలెడ్జ్ క్విజ్ పెట్టారు. మేముండేది నోయిడాలో. అమ్మాయి ఎనిమిదో తరగతి. ప్రశ్న ఇదీ: నావిగేషన్ అనే ఇంగ్లీషు మాట ఏ భాషలో పుట్టింది? గ్రీకు, లాటిన్, సంస్కృతం, అరబ్బీ. నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. మా అమ్మాయి లాటిన్‌కి పెట్టింది. ఎర్ర ఇంకుతో కొట్టేశారు. సరైన జవాబు సంస్కృతమట. 'నవగతి' నుంచి నావిగేషన్ వచ్చిందట.

"డిక్షనరీలో లాటిన్ అనే ఉంది కదా నాన్నా, మరి ఎవరిది తప్పు?" అని అడిగింది. ఒక మార్కు పోతే పోయింది. కానీ డిక్షనరీ చూసి రాసిన పిల్లకి తప్పు పడి, చూడకుండా నమ్మినవాళ్ళకి మార్కు పడితే, ఆ క్లాసులో నలభై మంది పిల్లలు ఆ రోజు నేర్చుకున్నదేమిటి? దీన్ని ఊరికే వదిలేయబుద్ధి కాలేదు. అందుకే ఈ వ్యాసం.

ఈ నవగతి నాకు పాత పరిచయమే. 2000 తర్వాతి సంవత్సరాల్లో యాహూ, హాట్‌మెయిల్ వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. భారతదేశం గొప్పదనం గురించి ఒక జాబితా మెయిల్‌లో తిరుగుతూ ఉండేది. సింధు నదిలో 6000 ఏళ్ళ కిందట ఓడలు నడిపే విద్య పుట్టిందనీ, నావిగేషన్ అనే మాట నవగతి నుంచీ, నేవీ అనే మాట నౌ నుంచీ వచ్చాయనీ అందులో ఉండేది. అడుగున పదిమందికి పంపమని ఒక విన్నపం. ఒప్పుకుంటున్నాను, నేనూ పంపాను. అప్పటికి నేనింకా హేతువాద సంఘంలో చేరలేదు. తర్వాత అదే జాబితా వాట్సాప్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రంలోకి ఎక్కింది. ఇరవై ఏళ్ళలో దానికి పట్టిన ప్రమోషన్ అది.

సరే, ముందు సంస్కృతం లోపలి నుంచే చూద్దాం. సంస్కృతంలో ఓడకి మాట 'నౌ'. దాని తర్వాత అచ్చు వస్తే 'ఔ' కాస్తా 'ఆవ్' అవుతుంది: నౌ, ఇక కలిస్తే నావిక. మనం నావికుడు అంటున్నాం. హల్లు వస్తే మాత్రం ఏమీ మారదు: నౌ, క కలిస్తే నౌక. మరి నౌ, గతి కలిస్తే ఏమవ్వాలి? 'గ' హల్లే కదా. నౌగతి అవ్వాలి. నవగతి ఎప్పటికీ అవ్వదు. 'నవ' అంటే కొత్త, లేదా తొమ్మిది. నవగతి అనే మాటని సంస్కృతం చదువుకున్నవాడికి చూపిస్తే కొత్త నడక అనో తొమ్మిది నడకలు అనో చెబుతాడు గానీ ఓడ జోలికి పోడు. దేవభాష పేరుతో ఊరేగేవాళ్ళకి ఆ భాష సంధి సూత్రాలే పట్టలేదు. ఇదీ వాళ్ళ భక్తి.

ఇక లాటిన్ సంగతి. 'నావిస్' అంటే ఓడ. 'అగెరె' అంటే తోలడం, నడపడం. రెండూ కలిసి 'నావిగారె'. దాన్నుంచి నావిగేషన్. ఇంగ్లీషులోకి వచ్చింది 16వ శతాబ్దంలో. ఇలా 'అగెరె' తోక తగిలించుకున్న మాట ఇదొక్కటే అయితే సందేహించొచ్చు. కాదే! 'ఫూమస్' అంటే పొగ. దానికి అదే తోక తగిలిస్తే ఫ్యూమిగేషన్, పొగ పెట్టడం. 'లిస్' అంటే తగాదా. దానికి తగిలిస్తే లిటిగేషన్. నావిగేషన్‌లో ఉన్నది మన గతే అయితే ఫ్యూమిగేషన్ ధూమగతి అవ్వాలి. లిటిగేషన్ ఏ గతి? అధోగతి అని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు ఒప్పుకుంటారేమో గానీ భాషాశాస్త్రం ఒప్పుకోదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నావిస్‌కీ నౌకీ చుట్టరికం లేదని నేననడం లేదు. ఉంది. గట్టి చుట్టరికమే. 'అగెరె'కి కూడా సంస్కృతంలో చుట్టం ఉంది, 'అజతి', తోలుతున్నాడు అని అర్థం. మరి గతికి ఇంగ్లీషులో చుట్టం ఎవరు? 'కమ్'. రోజుకి వందసార్లు వాడే మాట. నిజమైన చుట్టం గుమ్మంలో నిలబడి 'కమ్, కమ్' అంటుంటే దాన్ని చూడకుండా, సంబంధం లేనివాడిని పట్టుకుని బావా అని కావలించుకోవడమే ఈ మెయిళ్ళు చేసే పని.

చుట్టరికం వేరు, కన్నతల్లి కావడం వేరు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగాన్ని మన జాతీయవాదులు సగమే గుర్తు పెట్టుకుంటారు. సంస్కృతాన్ని ఆయన మెచ్చుకున్న భాగం అందరికీ కంఠతా వచ్చు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ బహుశా ఇప్పుడు లేని ఏదో ఒక మూలం నుంచి పుట్టి ఉండాలన్నాడు చూడండి, ఆ భాగం మాత్రం ఎవరికీ గుర్తుండదు. జోన్స్ చెప్పింది అక్కచెల్లెళ్ళ గురించి. మనవాళ్ళు విన్నది తల్లీకూతుళ్ళ గురించి.

అక్కచెల్లెళ్ళని ఎలా తెలుసుకుంటారు? పోలిక చూసి కాదు, క్రమం చూసి. సంస్కృతంలో పితృ, ఇంగ్లీషులో ఫాదర్. పాదం, ఫుట్. 'ప' ఉన్నచోట 'ఫ'. దశ, టెన్. ద్వి, టూ. దంతం, టూత్. 'ద' ఉన్నచోట 'ట'. ఒకటి రెండు మాటల్లో కాదు, వరసపెట్టి ఇలాగే. 1822లో యాకోబ్ గ్రిమ్ దీన్ని సూత్రంగా రాసిపెట్టాడు (పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే). ఇప్పుడు ఇంగ్లీషువాడు మన దగ్గర నిజంగా అరువు తీసుకున్న మాట చూడండి: పండిట్. ఇక్కడ 'ప' పదిలంగా 'ప'గానే ఉంది, 'ఫండిట్' అవలేదు. ఎందుకంటే అది మొన్న మొన్న, 17వ శతాబ్దంలో వెళ్ళింది. అరువు మాట మీద అరువు ముద్ర ఉంటుంది.

ఓడల విషయంలో కూడా మన దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన అచ్చమైన మాట ఒకటుంది. కాటమరాన్. తమిళ 'కట్టుమరం'. కట్టిన మాను. 17వ శతాబ్దం నాటికే ఇంగ్లీషు నావికుల రాతల్లోకి ఎక్కింది. విచిత్రమేమిటంటే, మా అమ్మాయి క్విజ్‌లో గానీ ఆ పాత మెయిల్‌లో గానీ కట్టుమరం ఊసే లేదు. అది సంస్కృతం కాదుగా! కట్టింది మునులు కాదు, చేపలు పట్టేవాళ్ళు. తెలుగు నుంచి వెళ్ళిన పందికొక్కు కూడా 'బాండికూట్'గా ఇంగ్లీషు డిక్షనరీలో హాయిగా ఉంది. దాని గురించి గర్వపడే మెయిల్ నాకింతవరకు రాలేదు.

ఇంకో సరుకు కూడా ఇలాంటిదే. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిపితే న్యూస్ అయిందట. ఒక టీవీ యాంకర్ చెప్పగా స్వయంగా విన్నాను. న్యూస్ అంటే 'న్యూ'కి బహువచనం, కొత్త సంగతులు. ఫ్రెంచిలో కూడా కొత్తవి అనే అర్థమున్న మాటనే వార్తలకి వాడతారు. ఇంతకంటే దీని మీద సిరా ఖర్చు దండగ.

ఇప్పుడు నిజం కథలు చూద్దాం. అబద్ధం చెప్పేవాళ్ళ అసలు నష్టం ఏమిటంటే, నిజం ఇంతకంటే ఎంతో బాగుంటుంది.

'ఫాస్ట్' అంటే వేగం అని మనకి తెలుసు. పాత ఇంగ్లీషులో దానర్థం గట్టి, కదలనిది. అంటే ఇప్పటి అర్థానికి దాదాపు తలకిందులు. బట్టల కొట్టువాడు 'ఫాస్ట్ కలరండీ, వెలిసిపోదు' అంటాడే, ఆ ఫాస్ట్ పాతది. ఉపవాసానికి ఫాస్ట్ అనడమూ అక్కడిదే, నియమాన్ని గట్టిగా పట్టుకోవడం. మరి గట్టి కాస్తా వేగం ఎలా అయింది? తెలుగువాడికి ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 'గట్టి' అంటే మెత్తనిది కానిది. కానీ 'గట్టిగా అరు' అంటాం, 'గట్టిగా తొక్కు' అని సైకిలు మీద వెనక కూర్చుని అంటాం. రాయి గట్టిదనం, గొంతు జోరు, కాలి జోరు, అన్నీ ఒకే మాటలోకి వచ్చేశాయి. ఇంగ్లీషువాడూ 'గట్టిగా పరిగెత్తు' అని అంటూ అంటూ ఫాస్ట్‌ని వేగం చేసుకున్నాడు. ఇందులో ఏ వేదమూ లేదు. మనుషులు మాట్లాడే తీరు ఉంది.

'క్విక్' అంటే మొదట బతికున్నది. పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అనడం అందుకే, ప్రాణమున్న వెండిలా పరిగెడుతుందని. దీనికి సంస్కృతంలో చుట్టం జీవ. చూడ్డానికి ఒక్క అక్షరం కలవదు, అయినా ఒకే కడుపున పుట్టినవి. లాటిన్ 'వీవుస్', గ్రీకు 'బియోస్' కూడా ఆ కడుపువే. 'స్పీడ్' అంటే మొదట అభివృద్ధి, కలిసిరావడం. ప్రయాణమయ్యేవాడికి 'గాడ్‌స్పీడ్' చెప్పడం దేవుడు నీ పని సఫలం చేయాలని, దేవుడంత వేగంగా పొమ్మని కాదు. గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద స్పీడ్ లిమిట్ బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషువాడు చదివితే అభివృద్ధికి హద్దు అని అర్థం చేసుకుంటాడు. 'స్లో' అంటే మొదట మొద్దు, బద్ధకం. మన 'మందం' లాంటిదే, నడకకీ బుద్ధికీ ఒకే మాట.

ఓడ వేగాన్ని నాట్లలో చెప్పడం అందరికీ తెలుసు. నాట్ అంటే ముడి. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి వేసేవారు. చివర చెక్క కట్టి నీళ్ళలో వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముళ్ళు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. ఎన్ని ముళ్ళయితే గంటకి అన్ని నాటికల్ మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి, సరిపోతుంది. చేతులు కోసుకుపోయేలా తాడు లాగిన కూలి నావికుడి చెమట ఈ మాటలో ఉంది. నావిగేషన్ గొప్పదనం పిల్లలకి చెప్పాలంటే ఇది చెప్పండి.

వేగం గురించి మనదే ఒక మంచి మాట ఉంది. శనైశ్చరుడు. 'శనైః' అంటే మెల్లగా, 'చర' అంటే నడిచేవాడు. కంటికి కనిపించే గ్రహాల్లో శని అన్నిటికంటే మెల్లగా కదులుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 29న్నర ఏళ్ళు. దుర్భిణి లేని రోజుల్లో, తరాల తరబడి ఆకాశం చూసి ఆ సంగతి పట్టిన మనిషి శాస్త్రజ్ఞుడు. ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు, మూడు రాశులకి ఏడున్నరేళ్ళు అని కూడి ఏలినాటి శని చేసినవాడు వ్యాపారి. ఢిల్లీలో శనివారం ఏ సిగ్నల్ దగ్గర ఆగినా నూనె పోసిన డబ్బాలో ఇనప బొమ్మ పెట్టుకుని కుర్రాళ్ళు కారు అద్దం తడతారు. ముందు కారు కదలదు, వెనక కారు కదలదు, మెల్లగా నడిచేవాడికి పది రూపాయలు. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ ఆకలి వాళ్ళది. కారులో కూర్చుని భయంతో అద్దం దించేవాడి చదువు సంగతే నా బాధ.

దిక్కుల దగ్గరకి వద్దాం. మెట్రోలో తలుపులు దాయీ ఓర్ తెరుచుకుంటాయని రోజూ వింటాం. హిందీ 'దాయా', 'దాహినా'లు సంస్కృత 'దక్షిణ' నుంచి ప్రాకృత 'దాహిణ' మీదుగా వచ్చాయి. మధ్య మెట్టుతో సహా గ్రంథాల్లో దొరుకుతుంది. కన్నతల్లి అంటే ఇలా సాక్ష్యం ఉండాలి. దక్షిణ అంటే కుడి, దక్షిణ దిక్కు కూడా. తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఉండేది దక్షిణమే కదా. ఈ దక్షిణకి లాటిన్‌లో 'డెక్స్‌టర్' చుట్టం. ఐరిష్‌లో 'డెస్' చుట్టం, దానికీ కుడి, దక్షిణం రెండూ అర్థాలే. ఇది చూడగానే మన మెయిల్ వీరులు ఐర్లండుకి కూడా మనమే నేర్పామంటారు.

ఆగండి. హీబ్రూలో 'యామీన్' అంటే కుడి, అదే దక్షిణం కూడా. అరబ్బీలో 'షిమాల్' ఎడమ, 'షమాల్' ఉత్తరం. పాత ఢిల్లీ ఉర్దూలో ఉత్తరాన్ని శుమాల్ అనడం దాన్నుంచే. హీబ్రూ, అరబ్బీలకి సంస్కృతంతో చుట్టరికమే లేదు. అయినా అదే లెక్క! ఎందుకంటే వాళ్ళకీ సూర్యుడు తూర్పునే పొడుస్తాడు, వాళ్ళకీ రెండు చేతులే. 'ఈస్ట్' మాటకి సంస్కృత 'ఉషస్' చుట్టం, తెల్లవారడమని. 'వెస్ట్'కి లాటిన్ 'వెస్పర్' చుట్టం, సాయంత్రమని. మన పడమరలో పొద్దు పడడం ఉంది. దిక్కులకి పేర్లు పెట్టింది ఋషులూ కాదు, దేవుళ్ళూ కాదు. పొద్దున్నే లేచి బయటికొచ్చిన మనిషి.

అన్నిచోట్లా సూర్యుడే కూడా కాదు. తమిళంలో తూర్పు 'కిళక్కు', అంటే కింద. పడమర 'మేర్కు', అంటే మీద. పడమటి కనుమలు ఎత్తు, సముద్రం వైపు పల్లం. ఇందులో తమాషా ఏమిటంటే, కేరళలో కొండలు తూర్పున ఉన్నాయి, అయినా మలయాళంలో తూర్పుని 'కిళక్కు' అనే అంటారు. కొండని చూపిస్తూ కింద అంటారన్నమాట. ఆ భాష కొండకి అవతలి నుంచి వచ్చిందనడానికి ఇదొక గుర్తని 1856లోనే కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల వ్యాకరణంలో ఎత్తి చూపాడు. ఒక్క మాట ఒక జాతి నడిచొచ్చిన దారి చెబుతోంది. ఈ విద్య ముందు నవగతి ఎంత చప్పగా ఉందో చూడండి.

అసలు దిక్కు అనేది నిలబడ్డ చోటుని బట్టి. పాత తమిళులు తెలుగువాళ్ళని వడుగర్ అన్నారు, ఉత్తరాదివాళ్ళని. ఢిల్లీలో నన్ను ఇప్పటికీ మద్రాసీ అంటారు. నేను వచ్చిన నేలకి ఇంగ్లీషులో పేరు డెక్కన్, అదీ దక్షిణమే. రెండువేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లోనే, ఇక్కడివాళ్ళ భాషలో ఆ మాటకి దక్షిణం అని అర్థమని రాసి ఉంది. ఒకే మనిషి ఒకడికి ఉత్తరం, ఇంకొకడికి దక్షిణం.

ఈ సంగతి వాస్తువాళ్ళకి చెప్పి చూడండి! మా ఫ్లాటు దక్షిణముఖం. కొనేటప్పుడు బ్రోకరు గొంతు తగ్గించి, యముడి దిక్కు కాబట్టి రేటు తగ్గించి ఇస్తానన్నాడు. సంతోషంగా తీసుకున్నాను. దక్షత అన్న మాటా, పంతులుగారు చెయ్యి చాపే దక్షిణా ఆ మాట తాలూకువే. దక్షిణ చేదు కానప్పుడు దక్షిణం ఎందుకు చేదయిందో ఆయన్నే అడగాలి. ఢిల్లీలో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 38 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎండ ఏటవాలుగా మా హాల్లోకి వస్తుంది. ఎదురు వరసలో ఉత్తరముఖం వాళ్ళు ఎక్కువ డబ్బు పోసి కొనుక్కుని, హీటర్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆశ్చర్యపోవడానికేముంది? ముఖ్యమంత్రి నోయిడాలో కాలు పెడితే పదవి పోతుందని 1988 నుంచీ వణికిన ఊరు మాది. 2017లో వచ్చి వెళ్ళిన ముఖ్యమంత్రి 2022లో మళ్ళీ గెలిచాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

ఒక మార్కు కోసం ఇంత రాద్ధాంతమా అని మా ఆవిడే అడిగింది. ఇది ఇంగ్లీషు మాటలతో ఆగే జబ్బు కాదు. వాటికన్‌ని వాటిక అన్న పి.ఎన్. ఓక్, తాజ్‌మహల్‌ని కూడా రాజులు కట్టిన గుడి అన్నాడు. ఆ పిటిషన్‌ని 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉచ్చారణ పోలిక చాలు, సాక్ష్యం అక్కర్లేదనే అలవాటు మాట దగ్గర మొదలై కట్టడం దగ్గరకీ, ఆ తర్వాత మనుషుల దగ్గరకీ వస్తుంది.

తెలుగువాడికి ఇందులో సొంత లెక్క కూడా ఉంది. ఇంగ్లీషుకి తల్లి సంస్కృతమన్నవాడు తెలుగుకి కూడా అదే తల్లి అంటాడు. మా పై అంతస్తు పెద్దాయన లిఫ్టులో నాకు రోజూ అదే చెబుతాడు, ప్రేమగానే చెబుతాడు. దీనికి జవాబు 1816లోనే వచ్చింది. మద్రాసు కలెక్టరు ఎల్లిస్, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు, తమిళం, కన్నడం ధాతువులు పక్కపక్కన పేర్చి, ఇవి ఒక కుటుంబమనీ సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ చూపించాడు. మాటలు ఎన్ని తెచ్చుకున్నా ధాతువులు మనవే. ఆయనకి ధాతువుల పట్టిక అందించింది కాలేజీలో పనిచేసిన వేదం పట్టాభిరామశాస్త్రి. పేరులో వేదమున్న పండితుడే, సాక్ష్యం ఎటు చూపితే అటు నడిచాడు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా ఆ పనే చేసి, 2003లో ద్రావిడ భాషల మీద కేంబ్రిడ్జి నుంచి పుస్తకం తెచ్చారు. ఈ 200 ఏళ్ళ పనిని ఒక ఫార్వార్డు మెయిల్ తుడిచేస్తుంటే, తెలుగు సంఘాల సభల్లో మనవాళ్ళే చప్పట్లు కొడుతున్నారు.

స్కూలుకి ఉత్తరం రాశాను. మార్కు ఇవ్వమని అడగలేదు. ఒక్కటే అడిగాను: నౌ, గతి కలిస్తే నవగతి ఏ సూత్రం ప్రకారం అవుతుందో రాసి పంపండి, మా అమ్మాయికి నేర్పుతాను అని. పేరెంట్-టీచర్ మీటింగులో మేడం నవ్వి, "సర్, ఆన్సర్ కీ పైనుంచి వచ్చింది" అన్నారు. పై అంటే ఏ దిక్కో చెప్పలేదు. రాతపూర్వకంగా జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే పెడతాను.